ఊడని ప్లగ్గు.. ఉద్యోగానికి పరీక్ష!

గ్యారేజీలో బలం ఉన్నవాళ్లకు కొదవ లేదు. చేయి ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లే తక్కువ. ఆటోమొబైల్ రంగంలో తొలి కొలువు వెతుక్కుంటున్నారా? అయితే ఇంజిన్‌లో పట్టేసిన ఓ చిన్న స్పార్క్ ప్లగ్గు మీ పనితనం గురించి ఏం చెబుతుందో ముందే తెలుసుకోండి.

మీరు అప్రెంటిస్‌గా చేరి మూడో వారం అనుకుందాం. ఏడేళ్ల పాత పెట్రోల్ కారు సర్వీసుకు వచ్చింది. నాలుగు ప్లగ్గులూ మార్చాలి. మొదటిది సులువుగా వచ్చేసింది. రెండోదీ అంతే. మూడోది మాత్రం కదలనంటోంది. రాచెట్ మీద ఇంకాస్త బరువు వేశారు. కీచుమని ఓ చప్పుడు వచ్చి మళ్లీ బిగుసుకుపోయింది. పక్కన చూస్తే సీనియర్ టెక్నీషియన్ టీకి వెళ్లారు. కారు యజమాని అద్దాల గది అవతల కూర్చుని గడియారం చూసుకుంటున్నారు. రేపు తెల్లవారుజామునే కుటుంబమంతా తిరుపతి బయల్దేరాలట. గోడకు ఆనించి ఓ పొడవాటి ఇనప పైపు ఉంది. దాన్ని రాచెట్‌కు తొడిగితే పని అయిపోతుందనిపిస్తోంది.

ఇప్పుడు మీరేం చేస్తారు?

ఈ ప్రశ్నకు మీరిచ్చే జవాబులోనే మీకు పని వచ్చో రాదో తెలిసిపోతుంది. ప్లగ్గు ధర మహా అయితే వందల్లో ఉంటుంది. అది కూర్చున్న సిలిండర్ హెడ్ సంగతి అలా కాదు. థ్రెడ్లు పోయినా, ప్లగ్గు సగానికి విరిగి లోపల ఉండిపోయినా, ఒక్కోసారి హెడ్ మొత్తం కిందికి దించాల్సి వస్తుంది. గంటలో అయ్యే పని రోజుల్లోకి, వందల్లో తేలే ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. ‘గోటితో పోయేదానికి గొడ్డలి’ అనే సామెత ఈ పనికి అచ్చంగా సరిపోతుంది.

అసలెందుకు పట్టేస్తుంది?

కారణం తెలియకుండా బలం వాడటమే చాలామంది చేసే మొదటి తప్పు. ఈ రోజుల్లో చాలా కార్ల సిలిండర్ హెడ్ అల్యూమినియంతో తయారవుతుంది. ప్లగ్గు ఒళ్లు మాత్రం ఉక్కు. రెండు వేర్వేరు లోహాలు ఏళ్ల తరబడి అంటిపెట్టుకుని ఉండి, మధ్యలోకి కాస్త తేమ చేరితే విద్యుత్ రసాయన చర్య మొదలవుతుంది. అల్యూమినియం కొద్దికొద్దిగా తినేయబడి, ఆ తెల్లని పొడి థ్రెడ్ల మధ్య సిమెంటులా గట్టిపడుతుంది. కారు కడిగేటప్పుడు ప్లగ్గు గుంతలోకి నీళ్లు దిగడం, కాయిల్ కింది రబ్బరు చిరిగిపోవడం ఇందుకు దారితీస్తాయి.

రెండో కారణం మసి. ప్లగ్గు చివరి థ్రెడ్లు దహన గదిలోకి ఏమాత్రం పొడుచుకు వచ్చినా వాటి మీద కార్బన్ పేరుకుంటుంది. ప్లగ్గును వెనక్కి తిప్పేటప్పుడు ఆ మసి మెత్తని అల్యూమినియం థ్రెడ్లను గీరుకుంటూ వస్తుంది. మీరు విన్న కీచు శబ్దం అదే కావచ్చు.

మూడోది మనుషుల తప్పు. గతంలో ఎవరో ప్లగ్గును అవసరానికి మించి బిగించి ఉంటారు. 14 మిల్లీమీటర్ల థ్రెడ్, కింద వాషర్ ఉన్న ప్లగ్గును అల్యూమినియం హెడ్‌లో బిగించడానికి సాధారణంగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల టార్క్ చాలు. అంటే ఎంత? పావు మీటరు పొడవున్న రాచెట్ చివర దాదాపు పది కిలోల బరువు వేలాడదీసినంత. అంతే! 12 మిల్లీమీటర్ల ప్లగ్గుకైతే 15 నుంచి 20 న్యూటన్ మీటర్లే. ‘గట్టిగా ఉంటే మంచిదే కదా’ అని ఒళ్లంతా బరువేసి బిగించినవాళ్ల పాపం ఏళ్ల తర్వాత మీ చేతికి చిక్కుతుంది.

ఇక్కడే ఆ ఇనప పైపు సంగతీ లెక్క వేసుకోండి. టార్క్ అంటే బలం, పొడవుల లబ్ధం. రాచెట్ పొడవు రెట్టింపు చేస్తే, అదే చేతి బలానికి ప్లగ్గు మీద పడే టార్క్ కూడా రెట్టింపవుతుంది. మీ చేతికేమో తేలిగ్గా ఉన్నట్టే అనిపిస్తుంది. విరిగేదాకా ఎంత వేశారో తెలియదు. పైపులో ఉన్న ప్రమాదం అదే.

చేయి వేసే ముందు..

ఊడని భాగం దగ్గర మొదటి పనిముట్టు పానా కాదు, సర్వీస్ మాన్యువల్. ప్లగ్గు సైజు, టార్క్, ఇంజిన్ ఏ వేడిలో ఉండగా తీయాలి అన్నవి అందులోనే ఉంటాయి. ఆ తర్వాత కింది జాగ్రత్తలు తీసుకోండి.

* ఇంజిన్ చల్లారనివ్వండి. ప్లగ్గులు తీయడానికి చాలా మాన్యువళ్లు చెప్పే మొదటి నియమం ఇదే. వేడి మీద అల్యూమినియం థ్రెడ్లు తేలిగ్గా దెబ్బతింటాయి. మీ చేతులు కాలే ప్రమాదమూ ఉంది.

* ఇగ్నిషన్ ఆపి, కాయిల్ కనెక్టర్‌ను లాక్ నొక్కి తీయండి. వైరు పట్టుకుని లాగొద్దు. పాతబడిన ప్లాస్టిక్ లాక్ పుటుక్కున విరుగుతుంది.

* ప్లగ్గు గుంతను కంప్రెసర్ గాలితో ఊది శుభ్రం చేయండి. కళ్లద్దాలు పెట్టుకోండి. గుంతలో ఉన్న ఇసుక, తుప్పు రేణువులు ప్లగ్గు ఊడగానే నేరుగా సిలిండర్‌లోకి జారతాయి.

* సరైన సైజు ప్లగ్గు సాకెట్ వాడండి. అరిగిపోయిన సాకెట్ పట్టు తప్పితే ప్లగ్గు తల గుండ్రమైపోతుంది. సాకెట్ ఒరిగితే తెల్లని పింగాణీ భాగం పగులుతుంది. ఎక్స్‌టెన్షన్ నిటారుగా ఉండాలి.

* ఇంపాక్ట్ గన్ జోలికి వెళ్లొద్దు. చక్రాల నట్లు విప్పే పనిముట్టుతో ప్లగ్గు విప్పాలనుకోవడం తొందరపాటే.

కదిలించే పద్ధతి ఇదీ

అన్నీ సిద్ధం చేసుకున్నాక ప్లగ్గును పూర్తిగా విప్పేద్దామని చూడకండి. మొదటి లక్ష్యం కదలిక మాత్రమే.

1. చొచ్చుకుపోయే నూనెను ప్లగ్గు అడుగు చుట్టూ కొద్దిగా వేయండి. ఇలాంటి స్ప్రేలు సన్నని సందుల్లోకి కేశనాళికీయతతో పాకుతాయి. నూనె దీపంలో వత్తి నూనె పీల్చుకున్నట్టే అన్నమాట. గుంత నింపేయాల్సిన పని లేదు. ఇవి మండే పదార్థాలు కాబట్టి వేడి ఎగ్జాస్ట్ మీద పడనివ్వొద్దు.

2. ఆగండి. నిజంగా ఆగండి. ఐదు నిమిషాలకోసారి వెళ్లి లాగి చూడటం ఆగడం కాదు. పావుగంట, అరగంట, మొండి కేసయితే రాత్రంతా. ఈలోగా ఆ కారులో మరో పని చేసుకోవచ్చు.

3. మామూలు రాచెట్‌తో, కుదుపు లేకుండా, నిలకడగా బలం పెంచండి. ఎనిమిదో వంతు తిప్పు కదిలినా విజయమే. అక్కడే ఆపేయండి.

4. ఇప్పుడు వెనక్కి, అంటే బిగించే వైపు కొద్దిగా తిప్పండి. మళ్లీ ఇంకొంచెం నూనె. మళ్లీ విప్పే వైపు. ఇలా ముందుకూ వెనక్కూ కదుపుతుంటే థ్రెడ్ల మధ్య ఇరుక్కున్న మసి, తుప్పు పొడి అయి నూనెలో కలుస్తాయి. ప్రతిసారీ ముందటికన్నా కాస్త ఎక్కువ దూరం వస్తుంది.

5. కీచు శబ్దం వచ్చినా, బిగువు తగ్గకుండా పెరుగుతున్నా వెంటనే ఆపి వెనక్కి తిప్పండి. రాచెట్ తిరుగుతోంది కానీ చేతికి ‘మెత్తగా’ సాగుతున్నట్టు అనిపిస్తే మరీ ప్రమాదం. ప్లగ్గు ఊడటం లేదు, మెలిపడుతోందని అర్థం.

ఇంత చేసినా రాకపోతే తర్వాతి ఆయుధం వేడి. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన వ్యాకోచ గుణకం గుర్తుందా? అల్యూమినియం వ్యాకోచం ఉక్కుకన్నా దాదాపు రెండింతలు. 14 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 80 డిగ్రీల మేర వేడి చేస్తే, ప్లగ్గుకన్నా రంధ్రం మిల్లీమీటరులో నూరో వంతు ఎక్కువ పెద్దదవుతుంది. మన తల వెంట్రుక మందంలో అది ఆరో వంతో ఏడో వంతో. చూడ్డానికి ఏమీ కాదు. పట్టు సడలడానికి మాత్రం ఒక్కోసారి అదే చాలు. అందుకే కొందరు అనుభవజ్ఞులు ఇంజిన్‌ను కాసేపు నడిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు మరోసారి ప్రయత్నిస్తారు. ఇది మొదటి నియమానికి మినహాయింపు. ఆ ఇంజిన్ మాన్యువల్ వద్దనకపోతేనే, సీనియర్ పక్కన ఉంటేనే చేయాలి. గ్యాస్ మంట మాత్రం ప్లగ్గు దగ్గరికి తేవొద్దు. ఆ చుట్టుపక్కలే పెట్రోల్ పైపులు, ప్లాస్టిక్ భాగాలు ఉంటాయి.

కంపెనీయే రాసిచ్చిన ఓపిక

‘ఇదంతా చాదస్తం, నాలుగు దెబ్బలు వేస్తే వస్తుంది’ అనేవాళ్లు ప్రతి షెడ్డులోనూ ఉంటారు. వాళ్లకు అమెరికాలో జరిగిన ఓ ఉదాహరణ చెప్పండి.

ఫోర్డ్ కంపెనీ 2004 నుంచి 2008 వరకు అక్కడ అమ్మిన ఎఫ్-150 పికప్ ట్రక్కుల్లో 5.4 లీటర్ల వీ8 ఇంజిన్ ఒకటి ఉండేది. ఒక్కో సిలిండర్‌కు మూడు వాల్వులు. దాని ప్లగ్గు మామూలు ప్లగ్గులా కాకుండా రెండు ముక్కలను కలిపి తయారుచేసింది. కింద పొడవాటి సన్నని గొట్టంలాంటి భాగం హెడ్ లోపలిదాకా దిగి ఉంటుంది. లక్ష కిలోమీటర్లు తిరిగేసరికి ఆ గొట్టం చుట్టూ మసి పేరుకుని హెడ్‌కు అతుక్కుపోయేది. టెక్నీషియన్ పైనుంచి విప్పితే పైముక్క చేతిలోకి వచ్చేది. కిందిముక్క ఇంజిన్‌లోనే ఉండిపోయేది!

దాంతో కంపెనీ డీలర్లకు ఓ టెక్నికల్ సర్వీస్ బులెటిన్ పంపింది. అందులో ఏముందో చూడండి. ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాకే పని మొదలుపెట్టాలి. ప్లగ్గును ఎనిమిదో వంతు నుంచి పావు తిప్పు వరకే విప్పాలి. గుంతలో కార్బన్‌ను కరిగించే క్లీనర్ పోసి కనీసం 15 నిమిషాలు ఆగాలి. తర్వాత ముందుకూ వెనక్కూ తిప్పుతూ నెమ్మదిగా తీయాలి. విరిగిన ముక్కలు తీయడానికి ప్రత్యేక పనిముట్లు కూడా మార్కెట్లోకి వచ్చాయి.

అంత పెద్ద కంపెనీ కనిపెట్టిన రహస్యం ఏమిటంటే.. ఆగడం, నానబెట్టడం, ముందుకూ వెనక్కూ కదపడం. మన ఊరి పాత మేస్త్రీలు చేసేదీ అదే. బీటెక్ విద్యార్థులు ఇక్కడ మరో విషయం గమనించాలి. సమస్య పుట్టింది షెడ్డులో కాదు, డిజైన్ బల్ల మీద. ఒక భాగాన్ని రేపు ఎవరో విప్పాల్సి ఉంటుందన్న ఆలోచన గీత గీసే రోజునే ఉండాలి. ఆ బులెటిన్ రాసేదీ ఇంజినీర్లే. సర్వీస్ ఇంజినీరింగ్, వారంటీ విశ్లేషణ, టెక్నికల్ రైటింగ్ లాంటి కొలువులు ఉన్నది ఇందుకే. చేతికి మసి అంటినవాళ్లు ఆ పనిని మరింత బాగా చేయగలరు.

విరిగిపోతే..

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి విరుగుతుంది. విరిగిందని తెలిసిన మరుక్షణం మీరు చేసే పనే నష్టం ఎంతో తేలుస్తుంది.

మొదటిది, ఇంజిన్‌ను తిప్పొద్దు. పింగాణీ ముక్క సిలిండర్‌లో పడి ఉంటే పిస్టన్ కదిలినప్పుడు అది గోడలను గీరేస్తుంది. రెండోది, మిగిలిన ముక్కను స్క్రూడ్రైవర్‌తో పొడవొద్దు. మూడోది, వెంటనే సీనియర్‌ను పిలవండి.

ఆ తర్వాత పని ఓ క్రమంలో సాగుతుంది. సన్నని గొట్టం ఉన్న వాక్యూమ్‌తో చిన్న ముక్కలు పీలుస్తారు. గొట్టం కెమెరాతో లోపల ఏముందో చూస్తారు. ప్లగ్గు ఉక్కు గుల్ల మాత్రమే థ్రెడ్లలో మిగిలితే ఎక్స్‌ట్రాక్టర్‌ను అందులో దింపి ఎడమవైపు తిప్పుతారు. థ్రెడ్లు దెబ్బతింటే రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి కొత్త థ్రెడ్ ఇన్సర్ట్ వేస్తారు. మన దగ్గర ‘హెలికాయిల్ వేయడం’ అనేది ఇదే. కోసేటప్పుడు ట్యాప్ గాడులకు గ్రీజు దట్టంగా పూస్తే అల్యూమినియం రజను లోపల పడకుండా చాలావరకు దానికే అంటుకుంటుంది. ఇవేవీ కుదరకపోతే హెడ్ దించడమే.

ఈ పనులు తొలి ఏడాదిలో మీ చేత చేయించరు. కానీ పక్కన నిలబడి చూసే అవకాశం వస్తే భోజనం మానుకునైనా చూడండి. ఒక్క కేసులో నేర్చుకునేది ఒక సెమిస్టర్ ల్యాబ్‌కు సమానం.

ప్లగ్గు ఒక్కటే కాదు

ఈ సూత్రం పట్టుబడితే ఇంజిన్‌లోని మిగతా మొండి భాగాలకూ పనికొస్తుంది. అయితే ఒక్కోదాని స్వభావం ఒక్కో రకం.

డీజిల్ గ్లో ప్లగ్గు: సన్నగా, పొడవుగా ఉంటుంది. చాలా తక్కువ టార్క్‌కే విరుగుతుంది. విప్పేటప్పుడు ఇంతకు మించి బలం వేయొద్దంటూ తయారీదారులు పరిమితి ఇస్తారు. టార్క్ రెంచ్‌ను విప్పడానికి కూడా లెక్కలోకి తీసుకోవాల్సిన చోటిది.

డీజిల్ ఇంజెక్టర్: కింది రాగి వాషర్ దగ్గర లీకైతే దహన వాయువులు పైకి వచ్చి తారులాంటి నల్లని ముద్దగా గడ్డకడతాయి. దీన్ని తిప్పి కాదు, పైకి లాగి తీయాలి. స్లైడ్ హ్యామర్ ఉన్న పుల్లర్ వాడతారు. ముందు ముద్దను కరిగించి, ఇంజెక్టర్‌ను అటూ ఇటూ కదిలించాకే లాగాలి.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ స్టడ్: ఇక్కడ శత్రువు తుప్పు, పదేపదే తగిలిన వేడి. ఇంధన పైపులు దూరంగా ఉంటే నట్టును ఎర్రగా కాల్చి విప్పుతారు. నట్టు వ్యాకోచించి పట్టు వదులుతుంది. స్టడ్ తెగి కొంచెం బయట మిగిలితే దాని మీద కొత్త నట్టును వెల్డింగ్ చేస్తారు. పానా పట్టడానికి తల దొరుకుతుంది. వెల్డింగ్ వేడికి తుప్పు పట్టూ సడలుతుంది. ఒకే దెబ్బకు రెండు పిట్టలన్నమాట.

‘రేపంతా ఎలక్ట్రిక్ కార్లే కదా, ఇవన్నీ ఎందుకు’ అంటారా? ఎలక్ట్రిక్ కారుకు ప్లగ్గులు ఉండవు. నిజమే. సస్పెన్షన్ బోల్టులు, బ్రేక్ క్యాలిపర్లు, వీల్ హబ్‌లు మాత్రం ఉంటాయి. తుప్పు వాటినీ వదలదు.

విరగక ముందే చెప్పండి

మళ్లీ మన మూడో ప్లగ్గు దగ్గరికి వద్దాం. అది కదలట్లేదని తెలిసిన క్షణంలో మీరు తీయాల్సింది పైపు కాదు, జాబ్ కార్డు. సీనియర్‌కో, సర్వీస్ అడ్వైజర్‌కో విషయం చెప్పండి: ‘మూడో ప్లగ్గు పట్టేసింది సార్. నూనె వేసి ఆపాను. బలవంతం చేస్తే విరగొచ్చు. కస్టమర్‌కు ముందే చెబుదామా?’

ఆ సంగతి యజమానికి చేరాలి. రాత్రంతా నానబెట్టాలా, ప్రయాణం ఉంది కాబట్టి పాత ప్లగ్గుతోనే బిగించి పంపి వచ్చాక చూద్దామా, విరిగితే ఖర్చు ఎంత అవుతుంది.. ఇవి ఆయనతో మాట్లాడి, ఒప్పుకుంటే జాబ్ కార్డు మీద రాయించుకోవాల్సిన విషయాలు. కొద్దిగా కదిపిన ప్లగ్గును అలాగే పంపాల్సి వస్తే మళ్లీ సరైన టార్క్‌కు బిగించాలి. వదులుగా ఉన్న ప్లగ్గు అదనంగా వేడెక్కి ఇంజిన్‌ను దెబ్బతీస్తుంది.

చెప్పాక విరగడం వేరు, విరిగాక చెప్పడం వేరు. ప్లగ్గు అదే, నష్టం అదే. కానీ మొదటిదాన్ని కస్టమర్ ‘పాత బండి, ఏం చేస్తాం’ అనుకుంటారు. రెండోదాన్ని ‘మీ కుర్రాడు విరగ్గొట్టాడు’ అంటారు. కొత్తగా చేరినవాళ్లు భయంతో తప్పు దాచేది ఇక్కడే. విరిగిన ముక్కను దాచి పైన కాయిల్ బిగించేసినా, ఇంజిన్ స్టార్ట్ చేయగానే బండారం బయటపడుతుంది. ఒక్కసారి నమ్మకం పోతే ఆ షెడ్డులో మళ్లీ మీ చేతికి ఇంజిన్ ఇవ్వరు.

ఇంటర్వ్యూలో ఇలా అడగొచ్చు

సర్వీస్ సెంటర్లు, ట్రాక్టర్ కంపెనీలు, రవాణా సంస్థల డిపోలు.. ఎక్కడికి వెళ్లినా ప్రాక్టికల్ ప్రశ్నలు తప్పవు. ‘బోల్టు ఊడకపోతే ఏం చేస్తావ్?’ అనేది వాటిలో చాలా సహజమైన ప్రశ్న.

‘ఇంకా గట్టిగా తిప్పుతాను సార్’ అంటే ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయినట్టే. ‘స్ప్రే కొడతాను సార్’ అంటే పర్లేదు. కానీ అది సగం జవాబే. ఇలా చెప్పి చూడండి: ‘ముందు ఆపుతాను సార్. ఎందుకు పట్టేసిందో చూస్తాను. తుప్పా, మసా, ఎక్కువ బిగింపా అని. మాన్యువల్ చూసి, నూనె వేసి, టైమ్ ఇస్తాను. కొంచెం విప్పి, కొంచెం బిగించి కదుపుతాను. అప్పటికీ రాకపోతే విరగక ముందే సీనియర్‌కు చెబుతాను.’

దానికి కొనసాగింపుగా వచ్చే ప్రశ్నలకూ సిద్ధంగా ఉండండి.

కొత్త ప్లగ్గు ఎలా బిగిస్తావు? - థ్రెడ్లు శుభ్రం చేసి, మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే తిప్పుతాను. గుంత లోతుగా ఉంటే ప్లగ్గు తలకు రబ్బరు గొట్టం తొడిగి తిప్పుతాను. థ్రెడ్ తప్పి ఎక్కుతుంటే గొట్టం జారుతుంది, నష్టం జరగదు. చివర్లో టార్క్ రెంచ్.

మళ్లీ పట్టేయకుండా థ్రెడ్లకు గ్రీజు రాస్తావా? - ఇదో చిక్కు ప్రశ్న. చాలా ప్లగ్గులకు ఇప్పుడు లోహపు పూత ఉంటోంది. యాంటీ సీజ్ రాస్తే రాపిడి తగ్గి, అదే టార్క్‌కు అవసరానికి మించి బిగుసుకుంటుంది. అందుకే కంపెనీ చెబితే తప్ప రాయను అనడమే సరైన జవాబు.

జీవితంలో ఎప్పుడైనా ఏదైనా విరగ్గొట్టావా? - విరగ్గొట్టి ఉంటే దాచకండి. ఎలా విరిగింది, ఎవరికి చెప్పారు, ఆ తర్వాత ఏం మార్చుకున్నారు అన్నది చెప్పండి. మెకానిక్‌గా పనిచేసిన ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి విరగ్గొట్టినవారే. అడిగే ఆయనతో సహా!

ఎక్కడ నేర్చుకోవాలి?

పదో తరగతి పూర్తయినవారికి ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్, ఏడాది మెకానిక్ డీజిల్ ట్రేడులు ఉన్నాయి. పాలిసెట్ రాసి మూడేళ్ల ఆటోమొబైల్ ఇంజినీరింగ్ డిప్లొమాలో చేరొచ్చు. అప్రెంటిస్‌ల చట్టం 1961లోనే వచ్చింది. దాని కింద ఐటీఐ చేసినవారికి, డిప్లొమా, డిగ్రీ పూర్తయినవారికి వేర్వేరు అప్రెంటిస్‌షిప్‌లు ఉంటాయి. నేషనల్ అప్రెంటిస్‌షిప్ పోర్టళ్లలో పేరు నమోదు చేసుకోండి. ఆర్టీసీ డిపోల అప్రెంటిస్ ప్రకటనలూ గమనిస్తుండండి. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టులకు అర్హమైన ట్రేడుల్లో మెకానిక్ మోటార్ వెహికల్, డీజిల్ మెకానిక్ కూడా ఉన్నాయి.

తెలుగు నేల మీద తయారీ ప్లాంట్లకూ లోటు లేదు. పెనుకొండ దగ్గర కియా, శ్రీసిటీలో ఇసుజు, జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు ఉన్నాయి. కొత్త బండి తయారయ్యే చోట తుప్పు పట్టిన బోల్టు ఉండదు కానీ, టార్క్ క్రమశిక్షణ అక్కడే మొదలవుతుంది.

మరి ప్రాక్టీస్? మీ కాలేజీ ల్యాబ్‌లో మూలన పడున్న పాత ఇంజిన్‌ను అడగండి. లేదంటే నలుగురు స్నేహితులు కలిసి విజయవాడ ఆటోనగర్ లాంటి చోటకు వెళ్లి, తుక్కు కింద అమ్మే ఓ పాత అల్యూమినియం హెడ్ కొనుక్కోండి. అందులోని ప్లగ్గులను పై పద్ధతిలో తీయండి. ఒకదాన్ని కావాలనే బలవంతంగా తిప్పి విరగ్గొట్టండి. విరగబోయే ముందు చేతికి ఎలా తెలుస్తుందో అప్పుడే అర్థమవుతుంది. ఆ ‘మెత్తదనం’ ఏ పుస్తకంలోనూ దొరకదు. కస్టమర్ ఇంజిన్ మీద నేర్చుకోకూడని పాఠం అది. తుక్కు హెడ్ మీద నేర్చుకుంటే దాని ఖరీదు తుక్కు ఖరీదే.

సీనియర్ టీ తాగి వచ్చేశారు. మూడో ప్లగ్గు ఇంకా అక్కడే ఉంది. మీరు ఏమీ చేయలేదని చిన్నబోకండి. నూనె వేశారు, ఆపారు, చెప్పారు. ఇనప పైపు గోడ దగ్గరే ఉంది, ప్లగ్గు విరగలేదు. ఆయన గుంతలోకి టార్చి వేసి చూసి, రాచెట్ మళ్లీ మీ చేతికే ఇస్తారు. ఆ రోజుకు మీరు సంపాదించింది అదే.